ఇమిగ్రేషన్ కౌంటర్లో లంచం: మన ఎంబసీలు లెక్క రాయాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవులకు విదేశాలు చూసిరావడానికి వెళ్లేవాళ్లను కొన్నిచోట్ల ఇమిగ్రేషన్ అధికారులు పీడించి డబ్బు గుంజుతున్నారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. వెళ్లొచ్చినవాళ్లు నలుగురు కూర్చుంటే ఒకరి నోటైనా వినపడుతుంది. కానీ ఫిర్యాదుగా కాగితం మీదికి ఎక్కేది బహు తక్కువ. నా బాధంతా దాని గురించే.

కొన్నేళ్ల క్రితం మా నాన్నగారిని తీసుకుని ఒక దేశం నుంచి పక్క దేశానికి బస్సులో సరిహద్దు దాటాను. వీసా ఉంది, తిరుగు టికెట్ ఉంది, హోటల్ బుకింగ్ కాగితమూ ఉంది. కౌంటర్లో అధికారి అన్నీ తిరగేశాడు. అతని చొక్కా మీది పేరు బ్యాడ్జి వెనక్కి తిప్పి ఉంది. స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు గానీ వేయలేదు. రెండు పాస్‌పోర్టులూ మూసి సొరుగులో పడేశాడు. సొరుగు సగం తెరిచే ఉంది. లోపల ఇంకో నాలుగైదు పాస్‌పోర్టులు, వాటి పేజీల మధ్య నుంచి నోట్ల అంచులు బయటికి కనపడుతున్నాయి. ఎందుకు ఆపారని అడిగితే నోరు విప్పలేదు. కాలిక్యులేటర్ మీద ఒక అంకె నొక్కి మా వైపు తిప్పాడు. రసీదు ఇస్తారా అని అడిగాను. ఆ అంకె చెరిపేసి, అంతకంటే పెద్దది నొక్కాడు.

బయట బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నాన్నగారి మందుల సంచీ ఆ బస్సులోనే ఉండిపోయింది. ఇచ్చేశాను. మరుక్షణం టపటపా రెండు ముద్రలు పడ్డాయి. బస్సెక్కాక నాన్నగారు "మనం చేసిన తప్పేంట్రా?" అని అడిగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒకరి ముందు చేయి చాపని మనిషి ఆయన. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద చదువుతూ, అడిగి తెలుసుకుంటూ వచ్చాను. ఎక్కడైనా కిటుకు ఒకటే. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానిచ్చి తీరాలని లేదు. ఆఖరి మాట కౌంటర్లో కూర్చున్న అధికారిది. తిరుగు టికెట్టు, బస, చేతిఖర్చుకు డబ్బు, పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు, ఇవన్నీ చాలా దేశాల్లో నిజంగా ఉన్న నిబంధనలే. లంచగొండి వాటినే పట్టుకుని "ఇది చాలదు" అంటాడు. ఎంత ఉంటే చాలో మాత్రం చెప్పడు. ఎదురు మాట్లాడితే పక్క గదిలో కూర్చోబెడతాడు. వెనక్కి పంపాల్సి వచ్చినా తీసుకెళ్లే బాధ్యత విమాన సంస్థదే కాబట్టి అతనికి పోయేదేమీ లేదు. పోయేదల్లా మన టికెట్టు, మన సెలవులు. ఆపైన "ఏ దేశమైనా మీకు ప్రవేశం నిరాకరించిందా?" అని వీసా దరఖాస్తుల్లో అడిగినప్పుడల్లా అవునని రాసుకోవాల్సిన గతి. అతను అమ్ముకునేది ఆ భయాన్నే.

వచ్చేటప్పుడు ముద్ర వేయకుండానో, తేదీ తప్పుగా వేసో పంపేసి, తిరిగి వెళ్లేటప్పుడు "గడువు దాటి ఉన్నావు" అని పట్టుకోవడం ఇంకో రకం. పాస్‌పోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి తేదీ చూసుకోండి, వెనక వరుసలోవాళ్లు విసుక్కున్నా సరే. నిజంగా గడువు దాటితే జరిమానా కట్టాల్సిందే, అందులో వాదన లేదు. థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్, ఎన్ని రోజులైనా 20,000 బాత్‌కు మించదు అని రేటు అందరికీ తెలిసేలా ఉంది. రేటు రాసి ఉండి, రసీదు ఇచ్చేది జరిమానా. కాలిక్యులేటర్ మీద కనపడి చెరిగిపోయేది జరిమానా ఎలా అవుతుంది?

ఈ దందా ఇంత ధైర్యంగా సాగడానికి అసలు కారణం, బాధితుడు పది నిమిషాల్లో అక్కడి నుంచి వెళ్లిపోవడం. మళ్లీ వచ్చి సాక్ష్యం చెప్పడు. పోయింది చిన్న మొత్తమేగా అని ఊరుకుంటాడు. అందుకే జకార్తాలో జరిగింది అందరికీ తెలియాలి. అక్కడి సుకర్ణో-హట్టా విమానాశ్రయంలో తమ పౌరుల దగ్గర ఇమిగ్రేషన్ సిబ్బంది డబ్బు గుంజుతున్నారని 2025 జనవరిలో చైనా ఎంబసీ ఇండోనేసియా ప్రభుత్వానికి లేఖ రాసింది. ఊరికే ఆరోపించలేదు, లెక్క చూపింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 జనవరి దాకా 44 ఘటనలు. 60 మందికి పైగా మనుషులు. వాళ్లకు తిరిగి ఇప్పించింది 3 కోట్ల 27 లక్షల 50 వేల రూపియా. వినడానికి కోట్లు గానీ, డాలర్లలో చూస్తే అంతా కలిపి రెండు వేల చిల్లర. సమయం లేకో, మళ్లీ వచ్చినప్పుడు కక్ష తీర్చుకుంటారన్న భయంతోనో నోరెత్తనివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారని కూడా ఆ లేఖలో రాశారు. "టిప్పులు వద్దు", "డబ్బు అడిగితే ఫిర్యాదు చేయండి" అని చైనీస్, ఇండోనేసియన్, ఇంగ్లిష్ భాషల్లో బోర్డులు పెట్టమన్నారు. ఆ తర్వాత ఇండోనేసియా ప్రభుత్వం ముప్పై మంది అధికారులను అక్కడి నుంచి తప్పించింది.

మనిషికి ముప్పై, నలభై డాలర్లు పోతే ఎవరు పట్టించుకుంటారు? విడివిడిగా ఎవరూ పట్టించుకోరు. ఒకచోట చేర్చి తేదీలతో సహా ముందు పెడితే ప్రభుత్వాలే కదిలాయి. మనవాళ్లు ఇంతమంది దేశాలు తిరుగుతున్నప్పుడు మన రాయబార కార్యాలయాలు ఆ పని ఎందుకు చేయకూడదు? విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఫిర్యాదులు తీసుకోవడానికి విదేశాంగ శాఖకు 2015 నుంచి మదద్ అనే వెబ్ పోర్టల్ ఉంది. కౌంటర్లో లంచం అడిగిన ఘటనలు అందులో విడిగా లెక్కకు రావాలి. ఏ విమానాశ్రయంలో, ఏ సరిహద్దు దగ్గర ఎన్ని వచ్చాయో ఏటా ప్రకటించాలి, ఆ దేశానికి రాతపూర్వకంగా పంపాలి. ప్రతి పైసా తిరిగి ఇప్పించమని నేను అడగడం లేదు. రాసిపెట్టమంటున్నాను.

"పోనీలెండి, అదొక ఎంట్రీ ఫీజు అనుకోండి" అని ఒక ట్రావెల్ ఏజెంటు నాతో అన్నాడు. ఆ మాట వింటే ఇప్పటికీ కోపం వస్తుంది. కొందరు ఏజెంట్లయితే పాస్‌పోర్టులో నోటు పెట్టి ఇవ్వమని వాళ్లే నేర్పిస్తున్నారు. యాత్రికుడి దగ్గర నోటు తీసుకోవడానికి అలవాటు పడ్డ చేయి ఇంకెవరి దగ్గరా తీసుకోదని నమ్మకమేంటి? మనీలా విమానాశ్రయంలో డబ్బు తీసుకుని విదేశీయులను తనిఖీ లేకుండా లోపలికి పంపుతున్నారని 2020లో ఫిలిప్పీన్స్ సెనేట్ విచారణలో బయటపడింది. నోట్లను పాలకోవా బిళ్లల్లా కాగితంలో చుట్టి పంచుకునేవారట. మనుషులను అక్రమంగా తరలించేవాళ్లను పట్టుకోవాల్సింది కూడా ఆ కౌంటర్లోనే కదా.

చట్టం లేక కాదు. ప్రభుత్వోద్యోగి లంచం అడగడాన్ని నేరంగా పరిగణించాలని ఐక్యరాజ్యసమితి 2003 నాటి అవినీతి వ్యతిరేక ఒప్పందం చెబుతోంది. నిర్బంధంలోకి తీసుకున్న విదేశీయుడు కోరితే అతని దేశ కాన్సులేట్‌కు వెంటనే తెలియజేయాలని, ఆ హక్కు ఉందని అతనికి చెప్పాలని 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతోంది. పక్క గదిలో కూర్చోబెట్టినప్పుడు "మా ఎంబసీకి ఫోన్ చేయనివ్వండి" అని గొంతు పెంచకుండా, మళ్లీ మళ్లీ అడగండి. అయితే ఆ ఫోన్ ఎత్తే మనిషి అవతల ఉండాలి, అది రాత్రి రెండు గంటలైనా సరే.

మా బస్సు ఆ సరిహద్దు దాటిన తేదీ, సమయం, కౌంటర్ నంబరు, కాలిక్యులేటర్ మీద కనపడిన రెండు అంకెలు ఆ రోజు టికెట్ వెనక రాసుకున్నాను. ఆ టికెట్ ఇంకా నా దగ్గరే ఉంది. మన ఎంబసీ అడిగితే ఇవాళే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు