అమ్మ కళ్లకూ, అమ్మ ముగ్గుల పుస్తకానికీ సాయపడినవాళ్లకు

అమ్మ పోయిన రోజు నుంచి పెద్దకర్మ దాకా, ఆ తర్వాత కూడా, మాకు తోడున్నవాళ్లందరికీ మా అక్కచెల్లెళ్ల నలుగురి తరఫున నమస్కారాలు. క్యారేజీలు పంపినవాళ్లకీ, టెంటు, కుర్చీలు చూసుకున్నవాళ్లకీ విడివిడిగా చెప్పలేకపోయాం, ఏమీ అనుకోకండి. రెండు సాయాల గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాం. రేపు ఇంకో ఇంట్లో పనికిరావచ్చు.

మొదటిది అమ్మ కళ్ల దానం. ఎదురింటి పిన్నిగారు లోపలికి వస్తూనే ఫ్యాను ఆపించారు. రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద ఎత్తుగా దిండు సర్దించి, వెంటనే ఐ బ్యాంకుకి ఫోన్ చేయించారు. అలాగే చెయ్యాలి. వాళ్లు తీసుకునేది నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా. నడుమ దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు. లోపలివైపు ఒకే ఒక్క వరస కణాలు నీటిని బయటికి తోడుతుంటాయి కాబట్టే అది తేటగా ఉంటుంది. ఆ కణాలు చస్తే మళ్లీ పుట్టవు, పొర మసకబారిపోతుంది. పోయిన ఆరు గంటల లోపు తియ్యాలని తొందరపెట్టేది అందుకే. ఫ్యాను గాలికి పైభాగం ఎండిపోతుంది. తల ఎత్తులో ఉంటే కళ్ల చుట్టూ రక్తం చేరదు, తీసేటప్పుడు కారడం తగ్గుతుంది.

ఐ బ్యాంకు వాళ్ల పని 20 నిమిషాల్లో అయిపోయింది. దగ్గరి బంధువు సంతకం, ఇద్దరు సాక్షులు, హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలకి కాస్త రక్తం, అంతే. అమ్మ ముందుగా ఏ ఫారమూ నింపలేదు. షుగరుంది. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇవేవీ అడ్డం కాలేదు. శుక్లం వచ్చేది లోపలి లెన్సుకి, కార్నియాకి కాదు. మొహంలో తేడా ఏమీ తెలియలేదు. ఎవరికి అమర్చారో చెప్పరు, అడగకూడదు కూడా. కళ్లు తీస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారన్న పెద్దాయనకి ఆ హడావుడిలోనూ ఎదురు మాట్లాడకుండా నెమ్మదిగా నచ్చజెప్పిన టెక్నీషియన్ అబ్బాయికి ప్రత్యేకంగా దణ్ణం.

రెండోది ముగ్గుల పుస్తకం. మైల రోజుల్లో గుమ్మం ముందు ముగ్గు పెట్టరు కదా. ఆ బోసి వాకిలి చూడలేక అమ్మ లాంగ్ నోట్‌బుక్ బయటికి తీశాం. పిన్నులు తుప్పు పట్టాయి, అంచులు పురుగు కొరికేసింది, మధ్యలో పసుపు మరకలు. సెలోటేపు వేసి లామినేషన్ చేయించేద్దామని అనుకుంటుంటే బైండింగ్ తాతగారు అడ్డుపడ్డారు, బతికించారు. టేపు జిగురు కొన్నేళ్లకి పచ్చబడి కాగితంలోకి ఇంకిపోతుంది, పీకితే రాతతో సహా వస్తుంది. లామినేషన్ వేడికి ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్ మరి ఊడదు. ఆయన పిన్నుల కొమ్మలు పల్చటి చాకు మొనతో నిదానంగా నిటారు చేసి, వెనకవైపు నుంచి తీశారు. మెత్తటి కుంచెతో నడుమ నుంచి అంచులకి దులిపారు. చిరుగుల వెనక, పుస్తకాల మరమ్మతుకి వాడే పల్చటి టిష్యూ కాగితాన్ని గంజితో అంటించి, బరువు కింద రాత్రంతా ఆరనిచ్చారు. మళ్లీ పిన్నుల జోలికి పోకుండా నూలు దారంతో కుట్టారు.

కుట్టకముందే స్కాన్ చేసిపెట్టిన స్టూడియో తమ్ముడికి కూడా థాంక్స్. 600 డీపీఐ, అంటే సన్న గీతలు కూడా తేటగా పడేంత వివరంగా, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా తీశాడు. ప్రతి పేజీ వెనకా నల్ల కాగితం పెట్టాడు, లేకపోతే అవతలి పేజీ చుక్కలు ఇవతలికి కనబడి లెక్క తప్పుతుంది.

ఆ లెక్క దగ్గరే ఒకచోట ఇరుక్కుపోయాం. ఒక మెలికల ముగ్గు కింద అమ్మ "ఒకే గీత" అని రాసింది. పేజీలో కనబడేవి నాలుగు వరసలు, వరసకి నాలుగు చుక్కలు. ఎన్నిసార్లు వేసినా నాలుగు విడివిడి గీతలే వచ్చాయి. లెక్కల మాస్టారు చూసి, ఇలా నలుచదరంగా, నడుమ ఎక్కడా గీత తెగకుండా అల్లే ముగ్గులో అడ్డం చుక్కలకీ నిలువు చుక్కలకీ గ.సా.భా. (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంతో గీతలు అన్నే వస్తాయన్నారు. నాలుగూ నాలుగూ అయితే నాలుగు. నాలుగూ అయిదూ అయితే ఒకటి. అంటే అయిదో వరస పురుగు తిన్న అంచులో ఉండాలి! భూతద్దంతో చూస్తే అక్కడ సగం చుక్క నిజంగానే మిగిలి ఉంది. 1970ల్లోనే మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ కోలాలకి (తమిళుల ముగ్గులకి) కంప్యూటర్ వ్యాకరణం, అంటే వాటిని గీసే నియమాలు, కట్టారని చెప్పిందీ మాస్టారే.

పుస్తకంలో మొదటి ముగ్గు "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క". 4, 5, 6, 7, 6, 5, 4 కలిపితే 37. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకి ఉండే సొంత డీఎన్‌ఏలో జన్యువులూ 37. అవి మా నలుగురికీ అమ్మ నుంచి వచ్చినవే, నాన్న వాటా లేదు. ఇది కాకతాళీయమేనని తెలుసు. తెలిసినా ఆ పేజీ తిప్పడానికి కాసేపు పట్టింది.

స్కాన్‌లు కావలసినవాళ్లు అడగండి, పంపిస్తాం. పుస్తకంలో 23వ పేజీ లేదు. ఏ సంక్రాంతికో జిరాక్స్ తీయించుకుందామని ఎవరైనా పట్టుకెళ్లి ఉంటే, తొందరేమీ లేదు, ఫోటో తీసి పంపినా చాలు.