బడి తోటకు తాళం ఎందుకు?

సంపాదకుడు గారికి,

బడి తోటల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. తోటపని వల్ల పిల్లల చదువు వెనకబడుతోందని ఒక అధికారి అభిప్రాయపడ్డారట. చదివి నాలుగు రోజులైనా ఆ మాట మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

నేను 26 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. శాతాలు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా కొందరికి తలకెక్కేవి కావు. ఒక ఏడాది తలా 20 చిక్కుడు గింజలు ఇచ్చి మడిలో పెట్టించాను. ఒకడివి 17 మొలిచాయి, ఒక అమ్మాయివి 11 మాత్రమే. నేను అడగకముందే వాళ్లే లెక్కేసుకున్నారు, 85 శాతం, 55 శాతం అని. ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. మొలవని చోట తవ్వి చూసింది. గింజలు కుళ్లిపోయి ఉన్నాయి. మొలకెత్తాలంటే నీళ్లతో పాటు గాలి కూడా కావాలనీ, తను నీళ్లు మరీ ఎక్కువ పోసిందనీ అప్పుడు తెలిసింది. ఆ పిల్ల దాని గురించి పేజీన్నర రాస్తే భాష చెప్పే టీచరు తెచ్చి చూపించారు. అంతకుముందు నాలుగు వాక్యాలు రాయడానికే ఏడ్చేదట! ఇందులో ఏ సబ్జెక్టు వెనకబడిందో ఆ అధికారి చెప్పాలి.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. పది చదరపు మీటర్ల మడిలో 5 మిల్లీమీటర్లు కురిస్తే 50 లీటర్లు, అంటే ఆ రోజు ఐదు పెద్ద బకెట్లు మోసే పని తప్పినట్టే. బకెట్లు మోసిన పిల్లలు ఈ లెక్క మరచిపోరు.

సోషల్ చెప్పేవారికీ తోటలో కావలసినంత ఉంది. టమాటా, మిరప, బంగాళాదుంప అమెరికా ఖండాల మొక్కలు. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్లిన తర్వాతే మిగతా ప్రపంచానికి చేరాయి. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి ఐర్లండ్‌లో మొదలైన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. పేదలు దాదాపు ఆ ఒక్క పంట మీదే బతకడం ఎంత ప్రమాదమైందో, తెగులు పట్టిన ఆకును చేత్తో పట్టుకుని వింటే పిల్లలకు బోధపడుతుంది. మెండెల్ వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిందీ మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచే కదా. 1866లో అచ్చయిన ఆ పరిశోధనను మన పిల్లలు బొమ్మలు చూసి బట్టీ పడుతున్నారు. కిండర్‌గార్టెన్ అనే మాటకు అర్థమే పిల్లల తోట. ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ పిల్లలకు సొంత మడులు ఇవ్వాలన్నాడు. మాట మిగుల్చుకుని తోటను వదిలేశాం.

నాకు తెలిసిన ఒక బడిలో జరిగింది చెబుతాను. మొక్కలు నాటిన రోజు పెద్దలంతా వచ్చి ఫొటోలు దిగారు. మర్నాడు కంచె వేశారు. మొక్కలు పాడవుతాయని గేటుకు తాళం పడింది. ఇప్పుడు ఆలస్యంగా వచ్చిన పిల్లలను మాత్రం కలుపు తీయడానికి లోపలికి పంపుతున్నారు. నేర్చుకోవలసిన చోటును శిక్ష వేసే చోటు చేశారు! దీర్ఘ సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక సగం ఎండిపోయాయి. తనిఖీకి వచ్చినవారు ఎన్ని మొక్కలు నాటారని అడిగి రాసుకుని వెళ్తారు. ఎన్ని బతికాయని కానీ, వాటితో ఏ పాఠం చెప్పారని కానీ ఒక్కరూ అడగరు. అన్ని విషయాల్లోనూ ఇంతే, ఫారం నిండితే పని అయినట్టే. టీచర్లను తప్పు పట్టలేను. సిలబస్ పూర్తి కాలేదని ఒకవైపు, రికార్డులు రాయలేదని ఇంకోవైపు వాళ్లకు ఎప్పుడూ టెన్షనే.

వారానికి రెండు పీరియడ్లు తోటకని టైం టేబుల్‌లో రాయండి. అవి సైన్సు టీచరు ఒక్కరికే కాక అన్ని సబ్జెక్టులవారికీ వంతులవారీగా రావాలి. సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో సెలవులకు ముందే తేల్చండి. కలుపు తీయడం శిక్షగా వేయడం ఈరోజే ఆపండి. ఆ గేటు తాళంచెవి ఆఫీసు బీరువాలో ఉందని విన్నాను, ముందు దాన్ని బయటికి తీయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు