20 గ్రాముల లెక్క, ఏడుగురి గ్రూపు

ఏరా,

నీ ఉత్తరం అందింది. వచ్చే సోమవారం నుంచి ఏడుగురు కలిసి కీటో డైట్‌ని (కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, చక్కెరలు బాగా తగ్గించే తిండిని) రోజుకి 20 గ్రాముల కార్బ్స్‌తో మొదలుపెడుతున్నామన్నావు. ఏం తినాలో, ఏం మానాలో ఒక పట్టీ రాసి పంపమన్నావు. పట్టీ లేకపోవడం వల్ల ఈ డైట్ మానేసినవాళ్లు ఎవరూ లేరురా. మానేయడం రెండు చోట్ల జరుగుతుంది. మొదటి వారంలో తలనొప్పి, నీరసం వచ్చి "ఇది నా ఒంటికి పడలేదు" అనుకుని కొందరు మానేస్తారు. నెల దాటాక ఒకరోజు గాడి తప్పి, గ్రూపులో చెప్పుకోడానికి మొహం చెల్లక మిగతావాళ్లు మానేస్తారు. మొదటిదానికి విరుగుడు ఉప్పు, రెండోదానికి విరుగుడు గ్రూపు నడిపే పద్ధతి. ఈ రెండూ వివరంగా రాస్తాను, మిగతావి అవసరమున్నంత మేరకు.

దానికంటే ముందు డాక్టరు సంగతి. "అబ్బా, మళ్లీ అదేనా" అనకు. మీ ఏడుగురిలో ఒకరికి షుగర్, ఇద్దరికి బీపీ ఉన్నాయని నువ్వే రాశావు. అన్నం, రొట్టె, చక్కెర ఒక్కసారిగా ఆపేస్తే రక్తంలో షుగర్ మొదటి రోజు నుంచే దిగుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ పాత మోతాదులోనే వాడితే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లది ఇంకా పెద్ద గొడవ. షుగర్ మీటర్ మీద అంకె పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ అనే ప్రాణాంతకమైన స్థితి రావచ్చు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు మరీ పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారడం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి రెండో వారానికల్లా లేచి నిలబడగానే తల తిరగొచ్చు, అంటే మోతాదు ఎక్కువైందేమో చూపించుకోవాలని అర్థం. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే ఆ మందు పనితీరు మారిపోతుంది. ఈ మార్పులన్నీ మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు, టైప్ 1 షుగర్, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు ఈ 20 గ్రాముల జోలికి సొంతంగా పోకూడదు. అందరూ ఒకసారి హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ చేయించుకోండి. లిపిడ్ ప్రొఫైల్ మూడు నెలలకి మళ్లీ చేయించాలి. కొంతమందికి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, బాగా పెరుగుతుంది. "ఈ డైట్‌లో అది మామూలే" అని గ్రూపులో ఎవరైనా సర్దిచెప్పబోతే వినొద్దు.

ఇక ఉప్పు. మన కాలేయంలో, కండరాల్లో కలిపి దాదాపు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకీ సుమారు 3 గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. కార్బ్స్ ఆపగానే ఆ నిల్వ కరగడం మొదలై, దాంతోపాటు నీళ్లూ పోతాయి. మొదటి వారంలో కిలోన్నర, రెండు కిలోలు తగ్గడం చాలావరకు ఇదే. ఒకరికి మూడు తగ్గుతుంది, పక్కవాడికి ఒకటే తగ్గుతుంది. ఇందులో గొప్పా లేదు, చిన్నతనమూ లేదు.

నీళ్లతోపాటు సోడియం కూడా పోవడమే అసలు చిక్కు. ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పుని పట్టి ఉంచడం మానేస్తాయి. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా తల బరువు, చిరాకు, కాళ్లలో సత్తువ లేకపోవడం, గుండె దడ. దీన్నే కీటో ఫ్లూ అంటారు గానీ జ్వరానికీ దీనికీ సంబంధం లేదు. జనం చేసే పొరపాటు ఏంటంటే, "డైట్ కదా" అని ఉప్పు తగ్గిస్తారు, పైగా రోజుకి నాలుగు లీటర్ల మంచినీళ్లు తాగుతారు. ఉన్న కాస్త సోడియం కూడా పలచబడి తలనొప్పి రెట్టింపవుతుంది.

చేయాల్సింది ఇది. కూరల్లో ఉప్పు ఎప్పటిలాగే వేసుకోవాలి. దానికి అదనంగా రోజుకి అర టీస్పూను, అంటే సుమారు 3 గ్రాముల ఉప్పు, పావు టీస్పూను చొప్పున రెండుసార్లు వేడినీళ్లలోనో పలచటి సూప్‌లోనో కలుపుకుని తాగాలి. ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు, ఎందుకంటే నీరసం ఎక్కువగా అప్పుడే కొడుతుంది. తాగిన అరగంటలో తల తేలికపడితే అది ఉప్పు లోటే అయ్యుండొచ్చు. పడకపోతే వేరే కారణం వెతకండి, ఇంకో కప్పు తాగొద్దు. దాహం వేసినప్పుడు నీళ్లు తాగితే చాలు. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు మాత్రం ఈ అదనపు ఉప్పు డాక్టరు ఒప్పుకుంటేనే తీసుకోవాలి. రాత్రిపూట పిక్కలు పట్టేస్తే ఆకుకూరలు, గింజలు పెంచి చూడండి. పొటాషియం మాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కుని మింగొద్దు. కొన్ని బీపీ మందులతో కలిస్తే అవి గుండె లయకే ఎసరు పెడతాయి. మొదటి పది రోజులు బరువులెత్తడం, పరుగులు వద్దు, నడక చాలు.

లెక్క విషయానికొస్తే, 1 గ్రాము దాకా చూపించే వంటింటి తూకం ఒకటి కొనుక్కో. కంటితో అంచనా వేయడం మొదటి నెలలో ఎవరికీ రాదు. మొత్తం కార్బ్స్‌లోంచి పీచు తీసేస్తే మిగిలేది నికర కార్బ్స్. మీ 20 గ్రాములు వీటికేనని అందరూ ముందే ఒప్పుకోండి. లేకపోతే ఒకడు మొత్తం లెక్కేస్తాడు, ఇంకొకడు నికరం లెక్కేస్తాడు, పోట్లాట మీది.

ఒక రోజు లెక్క వేసి చూపిస్తా. కూరగాయలన్నీ పచ్చివిగా తూచినవే. పొద్దున మూడు గుడ్లు, 2 గ్రాముల లోపు. వాటితో 100 గ్రాముల పాలకూర, ఒకటిన్నర. మధ్యాహ్నం చికెనో చేపో 150 గ్రాములు, సున్నా. దాంట్లోకి కాలీఫ్లవర్ 150 గ్రాములు, నాలుగున్నర. కూరలోకి ఉల్లిపాయ 50 గ్రాములు, 4. టమాటా 50 గ్రాములు, ఒకటిన్నర. సాయంత్రం 20 గ్రాముల వాల్‌నట్స్, ఒకటిన్నర. రాత్రి మళ్లీ చేపో పనీరో టోఫూనో, 150 గ్రాముల క్యాబేజీతో, 5. మొత్తం 20. పనీరు, టోఫూ అయితే ఒకటి రెండు గ్రాములు పైకి పోతుంది, ఆ మేరకు ఉల్లిపాయ తగ్గించుకోండి. కడుపు నిండే తిండే ఇది. కానీ ఇందులో కాఫీ లేదు, చూశావా? ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల పాలతో రెండు కాఫీలు తాగితే, చక్కెర వేయకపోయినా, దాదాపు 10 గ్రాములు అక్కడే పోతాయి. సగం రోజు లెక్క రెండు కప్పుల్లో కరిగిపోయిందన్నమాట. "నేనేమీ తినట్లేదు, అయినా తగ్గట్లేదు" అనేవాళ్ల దగ్గర ముందు కాఫీ, టీలు అడుగు. తర్వాత గ్రేవీలో పడే ఉల్లిపాయలు అడుగు. 200 గ్రాముల ఉల్లిపాయలంటే 15 గ్రాములు. ఆ తర్వాత జీడిపప్పు. 100 గ్రాముల జీడిపప్పులో నికర కార్బ్స్ 27 దాకా ఉంటాయి, అదే బాదంలో 9. ఒక మామూలు అరటిపండులో 24 గ్రాములు, అంటే పండొక్కటే మీ రోజుని దాటేస్తుంది.

ప్రొటీన్ తగ్గనివ్వొద్దు. ఉండాల్సిన బరువుకి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు. 65 కిలోలు ఉండాల్సిన మనిషికి 80 నుంచి 100 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాములకి 30 గ్రాముల దరిదాపుల్లో వేసుకో. కొవ్వుకి ఇంతని లక్ష్యం పెట్టుకోనక్కర్లేదు, ఆకలి తీరేంత చాలు. కాఫీలో వెన్న కలుపుకు తాగే సరదా ఒకటుంది. బరువు తగ్గాలనుకునేవాడికి అది ఎందుకో నాకైతే తలకెక్కదు. ఒంట్లో ఉన్న కొవ్వు ఖర్చవ్వాలి గానీ కప్పులోది కాదు కదా.

ప్యాకెట్ల మీద లెక్క చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. కొన్ని దేశాల లేబుళ్లలో పీచుని ముందే తీసేసి కార్బ్స్ రాస్తారు, కొన్నింట్లో కలిపి రాస్తారు. యూరప్ లేబుల్ మొదటి రకం, అమెరికా లేబుల్ రెండోది. పీచు అంకె కార్బ్స్ అంకె కంటే పెద్దదిగా కనిపిస్తే అది తీసేసిందేనని ఖాయం, మళ్లీ తీయకూడదు. కార్బ్స్ కింద ఉపశీర్షికగా పీచు ఉంటే సాధారణంగా కలిపినట్టే. తేలకపోతే తీయకుండానే లెక్కేసుకో, నష్టం లేదు. "షుగర్ ఫ్రీ" అన్నదాన్ని చూసి మోసపోకు. మాల్టిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) ఉంటే కనీసం సగమైనా లెక్కేయాలి, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే మొత్తం లెక్కేయాల్సిందే.

ఇప్పుడు గ్రూపు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. 609 మందిని రెండుగా విడగొట్టి, ఏడాదిపాటు సగం మందికి తక్కువ కొవ్వు, సగం మందికి తక్కువ కార్బ్స్ పెట్టించారు. సగటున తక్కువ కొవ్వు వాళ్లు 5.3 కిలోలు, తక్కువ కార్బ్స్ వాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంత కాదు. రెండు వర్గాలకీ ఏడాదిలో 22 సార్లు చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి తరగతులు పెట్టారు. ఆ కూర్చోవడం వల్లే తగ్గారని అధ్యయనం తేల్చలేదు, కానీ నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయను. డైట్ పేరు కోసం కొట్టుకునేవాళ్లు ఆ 22 సార్ల సంగతే మర్చిపోతారు.

మీ ఏడుగురు సరిపోతారు. పన్నెండు దాటితే సగం మంది ప్రేక్షకులైపోతారు. ఫోన్‌లో గ్రూపు పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, అందులో శుభోదయాలు, ఫార్వర్డులు, వీడియోలు వద్దని మొదటి రోజే చెప్పు. ఖాతా పుస్తకంలా ఉండాలి. రోజుకి ఒక్కొక్కరూ రాయాల్సింది నాలుగే: కార్బ్స్ ఎన్ని గ్రాములు, అదనపు ఉప్పు తీసుకున్నారా, ఎన్ని గంటలు పడుకున్నారు, ఆకలి ఎలా ఉంది. పళ్లెం ఫొటో పెడితే తినకముందే పెట్టాలి. తిన్నాక పెట్టిన ఫొటో ఎవరికీ పనికిరాదు. ముందు పెడితే "ఆ పక్కన ఉన్నది బఠాణీ కదా?" అని ఒకడు అడుగుతాడు, పట్టుకున్న చెంచా ఆగుతుంది.

కిలోలు మాత్రం రోజూ రాయొద్దు. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు. నడుము కొలత కూడా బొడ్డు దగ్గర టేపు పెట్టి తీయండి. బరువు కదలకపోయినా నడుము తగ్గే వారాలుంటాయి. ఆడవాళ్లకి నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో రెండు కిలోలు పెరగడం మామూలే. నెల మొత్తం చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎవరు ఎక్కువ తగ్గారని పందెం పెట్టుకుంటే తూకం ముందురోజు నీళ్లు మానేసేవాళ్లు తయారవుతారు. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్‌ల ఫొటోలు కూడా వద్దను. అవి చూపేది అసిటోఅసిటేట్ అనే కీటోన్‌ని. నీళ్లు ఎక్కువ తాగినా రంగు మారిపోతుంది, కొన్ని వారాలయ్యాక కీటోసిస్ (ఒళ్లు కొవ్వు కరిగించి కీటోన్లు వాడుకునే స్థితి) బాగానే ఉన్నా రంగు వెలిసిపోతుంది. "నాది గులాబీ, నీది ఊదా" అని పోల్చుకోవడం వృథా. అంత కావాలంటే రక్త పరీక్షలో కీటోన్లు లీటరుకి 0.5 నుంచి 3 మిల్లీమోల్ మధ్య ఉన్నాయేమో చూసుకోవచ్చు, అది కూడా తప్పనిసరి కాదు.

ఇంకో గట్టి నియమం: మాత్రల మోతాదు గురించి గ్రూపులో ఎవరూ సలహా ఇవ్వకూడదు. "నేను సగానికి తగ్గించాను, నువ్వూ తగ్గించు" అన్న ఒక్క మాట పీకల మీదికి తెస్తుంది.

గాడి తప్పిన రోజు గురించి. ఎవరో ఒకరు తప్పుతారు, పెళ్లో పుట్టినరోజో ఏదో ఒకటి వస్తుంది. ఆ రోజుకి మూడు వాక్యాలు చాలు: ఏం తిన్నాను, ఎప్పుడు తిన్నాను, తర్వాతి భోజనం ఏంటి. సంజాయిషీలు వద్దు, క్షమాపణలు వద్దు. చదివినవాళ్లు ఆ మూడో వాక్యానికే జవాబివ్వాలి. "పర్లేదులే" అనొద్దు, "అలా ఎలా తిన్నావు" అనొద్దు. శిక్షగా మర్నాడు పస్తుండటం కూడా ఒప్పుకోవద్దు, ఆ పస్తు సాయంత్రానికల్లా ఇంకో పళ్లెం అన్నంగా మారుతుంది. మర్నాడు తూకంలో కిలోన్నర ఎక్కువ కనిపిస్తే బెంబేలు పడొద్దని ముందే చెవిన వేయి. గ్లైకోజెన్, నీళ్లు తిరిగి చేరాయంతే. లెక్క ప్రకారం తింటే మూడు నాలుగు రోజుల్లో చాలావరకు దిగిపోతుంది.

అందరినీ జంటలుగా విడగొట్టు. ఏడుగురు కాబట్టి ఒక చోట ముగ్గురు. రెండు రోజులు ఎవరైనా మౌనంగా ఉంటే వాళ్ల జంట మనిషి ఫోన్ చేయాలి. మెసేజ్ కాదు, ఫోనే. మౌనంగా ఉన్నవాడు మెసేజ్ చూసి పక్కన పెట్టేస్తాడు. వారానికోసారి ముప్పావుగంట కలిసి కూర్చోండి. ఎవరు నడపాలో వంతులు వేసుకోండి, ఎప్పుడూ నువ్వే నడిపితే మిగతావాళ్లు నీకోసం డైట్ చేస్తున్నట్టు తయారవుతారు.

గడువు ఎనిమిది వారాలు పెట్టుకోండి. ఆ స్టాన్‌ఫర్డ్ వాళ్లు కూడా మొదటి ఎనిమిది వారాలు రోజుకి 20 గ్రాముల దాకా దించి, ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ, ఎవరు ఎక్కడ హాయిగా నిలబడగలరో అక్కడ ఆపమన్నారు. మీరు వారానికి 5 గ్రాముల చొప్పున కలపండి. ముందు కూరగాయలు, తర్వాత గింజలు, పెరుగు, ఆ తర్వాత పప్పులు, పండ్లు. ఏ వారం ఆకలి పెరిగిందో, ఏ వారం నడుము ఆగిపోయిందో అక్కడ ఒక మెట్టు వెనక్కి. ఒకరికి అది 40 దగ్గర, ఇంకొకరికి 90 దగ్గర తేలొచ్చు. ఎనిమిదో వారం దాకా అందరిదీ ఒకే లెక్క, అక్కడినుంచి ఎవరి లెక్క వాళ్లది. గ్రూపులు ఎక్కువగా చెదిరేది అప్పుడే కాబట్టి, తొమ్మిదో వారం నుంచి ఎలా నడపాలో ఏడో వారమే కూర్చుని మాట్లాడుకోండి.

మలబద్ధకం మొదటి నెలలో చాలామందికి ఉంటుంది. క్యాబేజీ, పాలకూర, చియా గింజలు, నడక. చియా నానబెట్టకుండా తినొద్దను. నోటి నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన వస్తే అది అసిటోన్, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

ఆ షుగర్ ఉన్న ఆయన, బీపీ ఉన్న ఇద్దరూ డాక్టరుని కలిసి వచ్చారో లేదో ఆదివారం లోపు కనుక్కో. కలవనివాళ్లని ఒక వారం ఆగి, కలిశాకే మొదలుపెట్టమను. మిగతావాళ్లు సోమవారమే మొదలుపెట్టొచ్చు. తూకం కొన్నాక నీ కాఫీ కప్పులో పాలు ఎన్ని పడుతున్నాయో కొలిచి రాయి.

ఉంటానురా.