బకింగ్‌హాం కాలువలో తెరచాప పడవలకు దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

బకింగ్‌హాం కాలువను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చినప్పటి నుంచి చర్చ అంతా సరుకు రవాణా చుట్టూనే తిరుగుతున్నది గానీ, తీరం వెంబడి సాగే ఈ కాలువలో తెరచాప పడవ మీద నింపాదిగా ప్రయాణిస్తూ రేవు రేవునా దిగే విహారానికి ఉన్న అవకాశాన్ని పట్టించుకున్నవారు అరుదు. ఒకప్పుడు మద్రాసుకు ఉప్పు, కట్టెలు మోసిన పడవలు గాలి ఉన్నంతసేపు చాప ఎత్తి, గాలి పడిపోతే గట్టు మీద మనుషులు తాడుతో లాగగా ఈ దారినే నడిచాయి.

దిగి చూడవలసిన చోట్లకు కొదవ లేదు. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి కాలువకు చేరువలోనే ఉన్నది. అక్కడి వీరభద్రస్వామి ఆలయం ఒక్కటే సగం పూట తీసుకుంటుంది. దక్షిణాన పులికాట్ సరస్సుకు శీతకాలంలో రాజహంసలు వస్తాయి. సరస్సు చివర పళవేర్కాడులో డచ్చివారి సమాధులున్నాయి.

పూడిక, పాడైన లాకులు, ఆక్రమణలు అడ్డంకులే. వంతెనలు తక్కువ ఎత్తులో ఉన్నచోట తెరచాప కొయ్యను పడుకోబెట్టగలిగే పడవలు చాలు. కొత్త వంతెనలు అక్కరలేదు. కాలువ మొత్తాన్ని ఒకేసారి బాగుచేయడం అయ్యే పని కాదు కనుక, ముందుగా పెదగంజాం, కొత్తపట్నం మధ్య పూడిక తీసి, మెట్ల రేవులు, మంచినీరు, మరుగుదొడ్లు ఏర్పరచి, తుపానుల కాలం గడిచాక జనవరి నుంచి మార్చి వరకు పడవలు నడపాలని, వాటి అనుమతులు స్థానిక మత్స్యకార సంఘాలకే ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, చీరాల