వార్షిక నివేదిక: ఈ ఏడాది పండగలతో పాటు ఊరు కూడా చూశాం

స్వీడన్‌లో ఉన్న గోథెన్‌బర్గ్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఏమేం చేశామో, డబ్బు ఎటు పోయిందో, వచ్చే ఏడాది ఏం అనుకుంటున్నామో చెప్పడానికి ఈ నివేదిక. పండగల సంగతి త్వరగా ముగించేస్తాను, ఫొటోలు గ్రూపులో అందరూ చూసేశారు కాబట్టి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎప్పటిలాగే ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లోంచి వచ్చింది, మామిడికాయ ఆసియా కొట్లో దొరికింది, పులుపు లేదని అందరూ గొణుక్కుంటూనే గిన్నెలు ఖాళీ చేశారు. బతుకమ్మకి తంగేడు, గునుగు ఇక్కడెక్కడివి, బంతీ చేమంతీ డేలియాలతో పేర్చాం, బాగా వచ్చింది. దీపావళికి మాట్లాడుకున్న హాలు ఆఖరి వారంలో చేజారి కమిటీ మొత్తానికి టెన్షన్ పెట్టింది కానీ వేరే హాలు దొరికింది, దాని వంటగది పాతదాని కన్నా నయం. సంక్రాంతి ముగ్గులు వాన వల్ల లోపలే, చార్టుల మీద.

ఇక కొత్తగా చేసిన పని గురించి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక చెల్లెమ్మ లేచి అడిగింది గుర్తుందా, "ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే లీసెబెరి పార్కు చూపిస్తాం, షాపింగ్ చేయిస్తాం, తర్వాత స్టాక్‌హోమ్ తీసుకెళ్తాం, ఈ ఊళ్ళో ఏముందని అడిగితే నోరు తెరవం, ఇదేం పద్ధతి" అని. ఆ మాట గుచ్చుకుంది. అందుకే ఈ ఏడాది శనివారాలు కొన్ని తీసుకుని ఊరు నడిచి చూశాం. నాకు తెలిసినంతలో సంఘం ఇన్నేళ్ళలో పెట్టిన కార్యక్రమాల్లో అతి తక్కువ ఖర్చుతో అయింది ఇదే, జనం మళ్ళీ మళ్ళీ వచ్చిందీ దీనికే.

మొదటి నడక గుస్తాఫ్ అడాల్ఫ్ చౌరస్తా నుంచి. అక్కడ నేల వైపు వేలు చూపిస్తూ నిలబడ్డ కంచు రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్. 1621లో ఇది ఊరని అధికార పత్రం రాసిచ్చింది ఈయనే. అప్పటికి స్వీడన్‌కి పడమటి సముద్రం వైపు ఉన్నది ఈ యోతా నది ముఖద్వారం ఒక్కటే, ఉత్తరాన బోహుస్లేన్ డెన్మార్క్ రాజు ఏలుతున్న నార్వేది, దక్షిణాన హాలండ్ డెన్మార్క్‌ది. ఈ ఒక్క సందునీ కాపాడే ఎల్వ్స్‌బొరి కోటని యుద్ధంలో డేన్‌లు పట్టేసుకుంటే, 1613 ఒప్పందం ప్రకారం పది లక్షల వెండి రిక్స్‌డాలర్లు కట్టి విడిపించుకోవాల్సి వచ్చింది, అది కట్టడానికి దేశమంతా పన్నులు పిండారు. అంత ఖరీదైన సందు మీద ఊరు కట్టకుండా ఎవరుంటారు? నేల చూస్తే బురద, బంకమట్టి. దాంతో అలాంటి నేల మీద కట్టడం తెలిసిన డచ్‌వాళ్ళని పిలిపించారు, కాలవలు వాళ్ళ పనే. చౌరస్తా పక్కనే పారే పెద్ద కాలవ, ఊరి చుట్టూ వంకర్లు తిరిగే కందకం ఇప్పటికీ ఉన్నాయి. వేసవిలో ఊరు చూపించే ప్యాడన్ పడవ ఎక్కితే ఒక వంతెన కింద తల వంచడం కాదు, బల్ల కిందికి దూరినంత పని చేయాలి.

విగ్రహం కథ మాత్రం పిల్లలకి బాగా నచ్చింది. మొదట పోత పోయించిన విగ్రహాన్ని ఓడలో తెస్తుంటే హెల్గొలాండ్ దగ్గర ఓడ మునిగింది, దీవివాళ్ళు దాన్ని బయటికి తీసి భారీగా డబ్బు అడిగారు, ఊరివాళ్ళు "మీ దగ్గరే ఉంచుకోండి" అని ఇంకోటి పోయించుకున్నారు. 1854లో ఇక్కడ నిలబెట్టింది ఆ రెండోదే. మొదటిది జర్మనీలో బ్రెమెన్ చేరింది, రెండో ప్రపంచ యుద్ధంలో కరిగిపోయింది.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఈస్టిండియా భవనం, ఇప్పుడు నగర మ్యూజియం. ఇక్కడ అనుకున్నదాని కన్నా చాలాసేపు ఉండిపోయాం. స్వీడన్‌కి కూడా ఒక ఈస్టిండియా కంపెనీ ఉండేదని మనలో సగం మందికి తెలియదు. 1731లో మొదలై 1813లో మూతపడేదాకా 132 సార్లు ఓడలు పంపింది, దాదాపు అన్నీ చైనాలోని కాంటన్‌కే. ఇండియాకి రాలేదా అంటే, వచ్చారు. 1733లో ఒక ఓడ తమిళనాడు తీరంలోని పరంగిపేటలో దిగి గిడ్డంగి పెట్టుకుంది. మద్రాసులోని ఇంగ్లీషువాళ్ళూ పాండిచ్చేరిలోని ఫ్రెంచివాళ్ళూ, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఈ కొత్తవాణ్ణి తరమడానికి మాత్రం చేతులు కలిపి దాని మీద పడి సరుకు లాక్కున్నారు. ఆ దెబ్బ తర్వాత స్వీడిష్ ఓడలకి చైనా వ్యాపారమే ప్రధానమైంది. అదే నిలదొక్కుకుని ఉంటే మన తూర్పు తీరంలో డచ్ సమాధుల పక్కన స్వీడిష్ సమాధులు కూడా ఉండేవేమో.

వ్యాపారం నడిచిన తీరు ఇదీ: ఇక్కడి ఇనుము, కలప స్పెయిన్‌లోని కాడిజ్‌లో అమ్మి వెండి తీసుకోవడం, ఆ వెండి కాంటన్‌లో పోసి టీ, పింగాణీ, పట్టు కొనడం, తెచ్చి ఇక్కడ వేలం వేయడం. ఆ టీ స్వీడన్‌వాళ్ళు తాగారనుకుంటున్నారా, చాలా భాగం దొంగదారిన బ్రిటన్ చేరేది, అక్కడ టీ మీద పన్ను అంత దారుణంగా ఉండేది. 1784లో బ్రిటన్ ఆ పన్ను బాగా తగ్గించేసరికి ఇక్కడి లాభాలూ పడిపోయాయి. యోతెబొరి అనే ఓడ కథ అందరూ గుచ్చిగుచ్చి అడిగారు కాబట్టి రాస్తున్నాను. 1745 సెప్టెంబరు 12న, కాంటన్ నుంచి అంత దూరం క్షేమంగా వచ్చి, ఒడ్డున ఇంటివాళ్ళు ఎదురుచూస్తుంటే నది మొగలోనే, రోజూ తెలిసిన రాయికే కొట్టుకుని మునిగిపోయింది. మనుషులంతా బతికారు. సరుకులో మూడో వంతు దాకా పైకి తీసి వేలం వేస్తే ఖర్చులు పోను లాభమే మిగిలిందట, అంటే మామూలు రోజుల్లో ఎంత మిగిలేదో ఊహించుకోండి. 1980ల్లో ఆ శిథిలాలు తవ్వారు, తర్వాత అదే నమూనాలో కొత్త ఓడ కట్టి 2005లో చైనాకి పంపారు కూడా.

ఆ డబ్బు ఎక్కడికి పోయిందన్నది మనకి దగ్గరి విషయం. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన నిక్లాస్ సాల్‌గ్రెన్ వదిలివెళ్ళిన డబ్బుతో 1782లో ఆస్పత్రి వచ్చింది, కంపెనీ డైరెక్టర్‌గా చేసిన విలియం చాల్మర్స్ ఆస్తితో 1829లో చాల్మర్స్ కాలేజీ వచ్చింది. మన పిల్లల్లో చాలామంది పుట్టింది సాల్‌గ్రెన్ పేరున్న ఆస్పత్రిలో, మనలో చాలామంది మాస్టర్స్ చేసింది చాల్మర్స్‌లో. దొంగదారిన పోయిన టీ డబ్బే ఇదంతా అని ఒక సభ్యుడు ముఖం చిట్లించాడు. నిజమే కానీ, అంతే సంపాదించి ఏమీ వదలకుండా పోయినవాళ్ళ కన్నా నయమని నా అభిప్రాయం.

తర్వాతి నడక గామ్లెస్టాడెన్‌కి. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, ఎర్ర ఇటుక ఫ్యాక్టరీలు, ట్రాం పట్టాలు. కానీ ఈ ఊరి పరిశ్రమ అర్థం కావాలంటే ఇక్కడికే రావాలి. నూలు మిల్లులో స్వెన్ వింగ్‌క్విస్ట్ అని ఒక ఇంజినీరు. మిల్లు కింద అదే బంకమట్టి, నేల కాస్త కుంగినప్పుడల్లా యంత్రాలు తిప్పే పొడవాటి షాఫ్టులు వంకరపోయేవి, బేరింగులు పగిలిపోయేవి, పని ఆగేది, కొత్తవి విదేశాల నుంచి రావాలి. 1907లో ఆయన షాఫ్టు వంగినా తనే సర్దుకునే బేరింగు తయారుచేశాడు, దాంతో పుట్టిందే ఎస్‌కేఎఫ్ అనే బేరింగుల కంపెనీ. మన సభ్యుడొకాయన అలాంటిది ఒకటి జేబులో వేసుకొచ్చి పిల్లల చేతిలో పెట్టాడు. బయటి రింగు లోపలి గోడ బంతి లోపలి భాగంలా గుండ్రంగా ఉంటుంది, దానిలో రెండు వరుసల ఉక్కు గుండ్లు, లోపలి రింగుని బొటనవేలితో ఒక పక్కకి నొక్కితే గుండ్లతో సహా వాలిపోతుంది, వాలి కూడా ఆగకుండా తిరుగుతుంది. పదేళ్ళ పిల్లాడికి అరనిమిషంలో అర్థమైపోయింది, పెద్దవాళ్ళకే వివరించాల్సి వచ్చింది.

వోల్వో కూడా ఎస్‌కేఎఫ్ పెరట్లో మొలిచిందే. అస్సార్ గాబ్రియెల్‌సన్, గుస్తాఫ్ లార్సన్ ఇద్దరూ కలిసి, ఎస్‌కేఎఫ్ డబ్బుతో, 1927 ఏప్రిల్ 14న హీసింగెన్ ఫ్యాక్టరీ నుంచి మొదటి కారు బయటికి తెచ్చారు. వెనక ఇరుసు తిరగేసి బిగించడంతో కారు ముందుకి బదులు వెనక్కి పోయిందని ఇక్కడ కథగా చెప్తారు. అదీ పైకప్పు లేని కారు, ఈ వానల ఊళ్ళో! 1959లో నిల్స్ బోలిన్ చేసిన మూడు కొసల సీటు బెల్టు పేటెంటుని మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేశారు, హైదరాబాద్‌లో ఈ రోజు ఏ కారెక్కినా భుజం మీద పడేది అదే. కార్ల కంపెనీ 1999లో ఫోర్డ్‌కి, 2010లో చైనా జీలీకి వెళ్ళింది, లారీలూ బస్సులూ చేసే కంపెనీ వేరు. బెంగళూరు బస్సు రాత్రి ఎనిమిదింటికి ఎక్కిన రోజుల్లో అది ఎక్కడ పుట్టిందో మనలో ఎవరూ ఆలోచించి ఉండరు, ఇప్పుడు కొంతమంది పొద్దున్నే వెళ్ళేది ఆ ఆఫీసుకే.

లిండ్‌హోల్మెన్, ఎరిక్స్‌బెరి నడక రోజు వాన వదల్లేదు, అయినా జనం వచ్చారు. మనం ఉచిత పడవెక్కి ఆఫీసుకి పోయే ఈ ఒడ్డంతా ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. 1973 చమురు సంక్షోభంతో పెద్ద ట్యాంకర్లు అడిగేవాళ్ళు లేకుండా పోయారు, జపాన్ ధరలతో పోటీ పడలేకపోయారు, ప్రభుత్వమే యార్డుల్ని చేతుల్లోకి తీసుకున్నా నిలబడలేదు, ఎరిక్స్‌బెరి 1979లో మూసేశారు. 84 మీటర్ల నారింజ రంగు క్రేన్ మాత్రం గుర్తుగా ఉంచారు. విశాఖ షిప్‌యార్డులో రిటైరై కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన దాని కింద నిలబడి, ఎంత ఎత్తో ఎంత బరువు లేపేదో అడగలేదు. "ఇంతమంది పనోళ్ళు ఏమయ్యారమ్మా?" అన్నారు. కొందరు వోల్వోకి మారారని చెప్పాం. "మరి మిగతావాళ్ళు?" అన్నారు. గొడుగుల కింద ఎవరమూ మాట్లాడలేదు. ఎరిక్సన్ అద్దాల ఆఫీసులు, 246 మీటర్ల కార్లా టవరు, ఇవన్నీ ఆ ఖాళీ అయిన నేల మీద, దాని చుట్టుపక్కలే లేచాయి.

ఓడరేవు పోలేదు, నది మొగ వైపుకి జరిగింది, అంతే. స్కాండినేవియాలో ఇదే పెద్దది, స్వీడన్ విదేశీ వ్యాపారంలో దాదాపు 30 శాతం దీని మీదుగానే. లోపలికి మనల్ని రానివ్వరు కాబట్టి ఎల్వ్స్‌బొరి వంతెన మీద నుంచే చూశాం.

చూడదగ్గ చోట్ల గురించి పెద్దగా రాయను, వెళ్ళి చూడండి. ఫెస్కేషెర్కా, 1874 నాటి చేపల బజారు, బాగు చేసి 2024లో మళ్ళీ తెరిచారు, బయటి నుంచి అచ్చం చర్చి. "గుళ్ళో చేపలమ్ముతారేంట్రా నాయనా" అని గుంటూరు నుంచి వచ్చిన ఒక బామ్మగారు గడప దగ్గరే ఆగిపోయారు, మనవడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. హాగాలో చెక్క ఇళ్ళు: రెండంతస్తులు దాటి చెక్కతో కట్టకూడదని నిప్పు భయంతో రూలు ఉంటే, కింది అంతస్తు రాతితో కట్టి పైన రెండు చెక్కవి వేసి రూలునీ అద్దెనీ రెండింటినీ కాపాడుకున్నారు. ఈ తెలివి మన మునిసిపాలిటీ ప్లానులు చూసినవాళ్ళకి కొత్తేం కాదు. లీసెబెరి 1923 నాటిది, దాని గురించి మీకు చెప్పేదేముంది, బాల్డర్ చెక్క రోలర్ కోస్టర్ ఎక్కి దిగి మొహం తెల్లబోయినవాళ్ళ ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. దక్షిణ దీవుల పిక్నిక్ మాత్రం అందరికీ నచ్చింది. సాల్ట్‌హోల్మెన్ దాకా ట్రాం, అక్కడి నుంచి అదే టికెట్టుతో పడవ, స్టిర్సోలో కార్లు ఉండవు, పిల్లల్ని వదిలేసి పెద్దవాళ్ళు నిశ్చింతగా పులిహోర తిన్నారు.

లెక్కల విషయం. జమా ఖర్చుల పట్టిక విడిగా పంపాం, సందేహాలుంటే కోశాధికారిని సమావేశంలోనే అడగండి, గ్రూపులో అర్ధరాత్రి కాదు. హాలు అద్దెలే పెద్ద ఖర్చు, ఎప్పటిలాగే. భోజనాల ఖర్చు మాత్రం తగ్గింది, కేటరింగ్ మానేసి తలా ఒక వంటకం తెచ్చే పద్ధతి పెట్టాం కాబట్టి. అందరూ పెరుగన్నమే తెస్తున్నారని ఫిర్యాదు ఉంది, వచ్చేసారి జాబితా ముందే వేస్తాం.

వచ్చే ఏడాదికి: వేసవిలో వీంగా దీపస్తంభం దీవికి వెళ్ళాలని ఉంది, పడవ సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి పేర్లు ముందే ఇవ్వాలి. చలికాలంలో 2024లో తెరిచిన వరల్డ్ ఆఫ్ వోల్వో, అక్కడ పనిచేసే సభ్యులెవరైనా ముందుండి చూపిస్తే బాగుంటుంది. తెలుగు బడికి ఇంకో టీచరు కావాలి, ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. కమిటీ పదవులకి పేర్లు ఉగాది లోపు పంపండి, కార్యదర్శిగా నేను మళ్ళీ నిలబడటం లేదు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్ళు ఆ రోజు హాల్లో ఆకు ముందు కూర్చునే లోపు కట్టేస్తే కోశాధికారి గారు కూడా ప్రశాంతంగా భోంచేస్తారు.