షాపు ముందు కుక్కలకి అన్నం పెట్టడం ఎందుకు ఆపామంటే

అందరికీ నమస్కారం అండీ. విజయవాడ సింగ్‌నగర్‌లో మా కర్రీస్ పాయింట్‌కి రోజూ వచ్చేవాళ్ళలో చాలామంది ఈ వారం ఒకటే అడుగుతున్నారు, రాత్రి ఎనిమిదిన్నరకి షట్టర్ పక్కన కనపడే స్టీలు బేసిన్ ఏమైంది, కుక్కలు ఏవి, మానేశారా అక్కా అని. ఇంకొంతమంది ఏమీ అడగలేదు గానీ హమ్మయ్య అనుకున్నారని మొహం చూస్తేనే తెలిసింది. మీలో ఎవరికీ సగం సగం జవాబు చెప్పడం నాకిష్టం లేదు, పప్పు ప్యాకెట్ కడుతూ కౌంటర్ దగ్గర ఇంత సంగతి చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నం పెట్టడం మానలేదు. షాపు ముందు పెట్టడం మానాం.

పోయిన నెల ఒక రాత్రి డెలివరీ అబ్బాయి పార్సిల్ కోసం బండి ఆపి దిగాడు. అప్పుడే బేసిన్ పెట్టాం, అయిదారు కుక్కలు ఎగబడి ఉన్నాయి, ఆ అబ్బాయి వాటి పక్కనుంచే నడవాల్సి వచ్చింది, ఒకటి తిరిగి పిక్క పట్టుకుంది. లోతుగా దిగలేదు గానీ రక్తం వచ్చింది. వెంటనే పంపు కింద కాలు పెట్టించి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగాం. పసుపు పెట్టమని ఒకరు, కారం అద్దమని ఒకరు అన్నారు, దేన్నీ ముట్టనివ్వలేదు. ఆ రాత్రే గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్తే మొదటి సూది వేసి, రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కించారు, మిగతా సూదులు మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆ కుక్కకి అంతకు ముందే రేబిస్ టీకా మేమే వేయించాం, ఇప్పటికీ మా కళ్ళ ముందే ఆరోగ్యంగా తిరుగుతోంది, అయినా అబ్బాయికి ఒక్క సూది కూడా తప్పనివ్వలేదు, ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఆసుపత్రి కోసం అతను పని మానుకున్న పూటలకి డబ్బులు మేమే ఇచ్చాం. ఇందులో తప్పు ఆ అబ్బాయిది కాదు, కుక్కది కూడా కాదు. జనం నిలబడే చోట, జనం వచ్చే టైములో తిండి పెట్టింది నేను. ఆ అబ్బాయికి, వాళ్ళమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాను, ఆ రోజు క్యూలో నిలబడి భయపడిన మీకు కూడా ఇప్పుడు చెప్తున్నాను.

నిజానికి ఇది మాకు ముందే తెలిసి ఉండాల్సింది. జనం వచ్చిపోయే దారుల్లో, పిల్లలు ఆడుకునే చోట తిండి పెట్టకూడదని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, వార్డుల్లో దానికంటూ చోటు చూపించాలి అని. నేను పేపర్లో చదివి కూడా, మన వీధే కదా, అందరూ తెలిసినవాళ్ళే కదా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు పొద్దున్న అయిదున్నరకి, కాలవ వైపు ఉన్న ఒక ఖాళీ స్థలంలో పెడుతున్నాం. స్థలం వాళ్ళని అడిగాం, కార్పొరేషన్ వాళ్ళకి కాగితం ఇచ్చాం. ఆరున్నరకల్లా బేసిన్లు కడిగి తెచ్చేస్తున్నాం.

ఇదంతా ఎలా మొదలైందో కొత్తగా వచ్చే కస్టమర్లకి తెలియదు. 2024 సెప్టెంబరు 1 గురించి ఇక్కడ ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బుడమేరు నీళ్ళు వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక అన్నీ మునిగాయి, డాబాల మీద కూర్చుని డ్రోన్ల మీద వచ్చే అన్నం పొట్లాల కోసం ఎదురు చూశాం. మా షాపులో ఫ్రిజ్, గ్రైండర్, గిన్నెలు అన్నీ బురదలో కలిశాయి. నీళ్ళు తగ్గాక మొదటిసారి కిందికి దిగి నడుస్తుంటే రెండు వీధుల అవతల ఒక గేటుకి గొలుసు కట్టి ఉంది, ఆ గొలుసు చివర కుక్క ఉంది. బతికి లేదు. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, పిల్లల్ని ఎత్తుకుని పడవ ఎక్కే తొందరలో గొలుసు విప్పడం గుర్తు లేదు, ఆ సంగతి చెప్తూ ఆ ఇంటావిడ గేటు దగ్గరే కూలబడిపోయింది. నాకు ఆ గొలుసు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. అందుకే 2025 అక్టోబరులో మొంథా తుపాను వస్తోందన్నప్పుడు మేం మొదట చేసిన పని ఇల్లిల్లూ తిరిగి, కుక్కని కట్టేసి ఉంచకండి, మీరు పైకి వెళ్తే దాన్నీ పైకి తీసుకెళ్ళండి, కుదరకపోతే కనీసం విప్పేయండి అని చెప్పడం.

అప్పట్లో మాకు తెలిసింది అన్నం పెట్టడం ఒకటే. రాత్రి మిగిలిన కూరలన్నీ కలిపి బేసిన్లో పోసేవాళ్ళం, పుణ్యం అనుకునేవాళ్ళం. తర్వాత పశువుల డాక్టరు గారు చెప్తే తల కొట్టేసినట్టయింది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకి, పిల్లులకి పడవు, రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోతాయి. మన కూరల్లో ఉల్లిపాయ లేనిది ఎన్ని ఉంటాయి చెప్పండి. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. అందుకని ఇప్పుడు నూకలు, కార్జం, కందనకాయలు, చిటికెడు పసుపు వేసి, ఉప్పు లేకుండా, మా ఇంటి దగ్గర వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో వండుతున్నాం. షాపు వంటింట్లోకి ఆ గిన్నె రాదు, ఆ గరిటె రాదు. ఎవరికైనా అనుమానం ఉంటే పదకొండింటికి రండి, వంటిల్లు చూపిస్తాను. మీరు ప్రేమగా తెచ్చి ఇస్తున్న మిగిలిపోయిన బిర్యానీ మాత్రం దయచేసి తేవొద్దు, నేను పారబోస్తుంటే నాకే బాధగా ఉంటోంది.

ఇంకో సంగతి, చెవి కొన కత్తిరించి ఉన్న కుక్కని చూసి ఎవరో కోశారని ఇద్దరు ముగ్గురు కోపంగా వచ్చారు. అది పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ గుర్తు. ఆడకుక్క రెండు నెలల్లో ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, ఆపరేషన్ లేకుండా అన్నం మాత్రమే పెడుతూ పోతే మూడేళ్ళలో ఈ వీధి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పుట్టిన పిల్లల్లో ఎన్నో పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి రక్తంతో విరేచనాలు అయ్యి చచ్చిపోతాయి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది, తర్వాతి ఈతలో పిల్లలకీ అదే అంటుకుంటుంది. అందుకే మా వీధి కుక్కల్లో ఆపరేషన్ కాని ఆడవి ఏవి అన్నది మా మొదటి లెక్క. పట్టుకెళ్ళేది, ఆపరేషన్ చేయించేది కార్పొరేషనే, మేం ఏది ఎక్కడ పడుకుంటుందో చూపిస్తాం, తిరిగి తెచ్చి వదిలాక పది రోజులు కుట్లు చూస్తాం. అన్నిటినీ ఎక్కడో దూరంగా వదిలేయొచ్చు కదా అని అడుగుతున్నారు. స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్నవాటిని తీసేసి షెల్టర్లలో పెట్టాలని, తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది, దాని అమలు మున్సిపాలిటీల పని. మన వీధి కుక్కలకి మాత్రం ఆగస్టు ఉత్తర్వే వర్తిస్తుంది, ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివి అక్కడే వదలాలి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప.

అయితే అండీ, నేను అసలు చెప్పాలనుకున్నది వీధి కుక్కల గురించి కాదు. ఏడాదికి పైగా తిరుగుతుంటే మాకు అర్థమైందేంటంటే, వీధిలో ఉన్నదానికి కనీసం పది చేతులు ఉంటాయి, ఎవరో ఒకరు ఇంత పడేస్తారు. ఇంట్లో కట్టేసి మర్చిపోయినదానికి ఎవరూ ఉండరు.

ఏ వీధో చెప్పను. మూడో అంతస్తు డాబా మీద, నీళ్ళ ట్యాంకు కింద, సీజర్ అని ఒక లాబ్రడార్. కొడుకు లాక్‌డౌన్‌లో ముచ్చటపడి కొన్నాడు, తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళాడు. పెద్దాయనకి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేరు, ఆవిడ రోజుకి ఒకసారి అన్నం గిన్నె పైన పెట్టి వచ్చేస్తుంది. మూరెడు గొలుసు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో ట్యాంకు నీడ ఎటు జరిగితే అటు జరగడానికి కూడా గొలుసు చాలదు. పిల్లప్పుడు వేసిన బెల్టు మెడలోకి దిగి, పుండు పడి, పురుగులు పట్టింది. పక్క డాబా కుర్రాడు వీడియో తీసి, కేసు పెడతానని కిందనుంచి అరిచాడు. ఆ రోజు నుంచి వాళ్ళు గేటు తీయడం మానేశారు.

ఈ కుక్కల పని మీద తిరిగేది మేం ఆరుగురం, నేను, మావారు, ఒక డిగ్రీ అమ్మాయి, ఆటో నడిపే తమ్ముడు, మందుల షాపులో పనిచేసే కుర్రాడు, కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా రిటైరైన బాబాయ్ గారు. బాబాయ్ గారు ఒక్కరే వెళ్ళారు. అరగంట సేపు మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకున్నారట, కుక్క మాటే ఎత్తలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు పెద్దాయనే అన్నారట, దాన్ని చూడాలని ఉంది, ఎక్కలేకపోతున్నాను, ఎలా ఉందో ఏమో అని. మూడోసారి వెళ్ళినప్పుడు మేమంతా పైకెక్కాం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే మత్తిచ్చి బెల్టు కోసి తీశారు, డాక్టరు గారు పురుగులు ఏరుతుంటే డిగ్రీ అమ్మాయి బయటికెళ్ళి ఏడ్చి మళ్ళీ లోపలికొచ్చి కాళ్ళు పట్టుకుంది. ఇరవై రోజులు రోజు మార్చి రోజు కట్టు కట్టాం. ఇప్పుడు సీజర్ కింద వరండాలో ఉంటుంది, పొడుగు తాడు, గచ్చు మీద నీడ, సాయంత్రం ఆ అమ్మాయి నడకకి తీసుకెళ్తుంది. పెద్దాయన కుర్చీ పక్కనే పడుకుంటుంది. ఆవిడ నాతో, మేం దాన్ని చంపేస్తున్నామని అనుకున్నారు కదమ్మా అంది. లేదు పిన్నిగారూ అన్నాను గానీ, మొదటిరోజు ఆ మెడ చూసినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

కేసు పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్ళకి చెప్తున్నాను. జంతువుల్ని హింసించకుండా ఆపడానికి చేసిన 1960 చట్టంలో ఎక్కువసేపు పొట్టి గొలుసుతో కట్టేయడం నేరమే, మొదటిసారికి జరిమానా యాభై రూపాయలు దాటదు. యాభై కట్టేసి గేటు వేసుకుంటే సీజర్ ఇంకా ట్యాంకు కిందే ఉండేది. కొట్టి హింసించేవాళ్ళ మీద మేమూ పోలీసుల దగ్గరికే వెళ్తాం. చేతకాక, ఓపిక లేక వదిలేసినవాళ్ళ దగ్గరికి మాత్రం మాట్లాడటానికే వెళ్తాం, మీరూ వీడియోలు తీసి పెట్టకుండా ముందు మాకు చెప్పండి.

పిల్లుల గురించి రెండే మాటలు. తల్లి కనపడలేదని కూనల్ని ఎత్తుకొచ్చేయకండి, తిండి కోసం వెళ్ళి గంటల తర్వాత వస్తుంది, దూరంగా నిలబడి చూడండి. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క కూడా వేయొద్దు, పిల్లి శరీరం దాన్ని అరిగించుకోలేదు, మా కస్టమరు ఒకావిడ మంచి అనుకునే వేసింది, రెండు రోజులు కూడా బతకలేదు.

ఇక డబ్బుల సంగతి. కౌంటర్ మీద డబ్బాలో మార్చి నుంచి అక్టోబరు దాకా 18,640 రూపాయలు వచ్చాయి. ఖర్చు 23,915. ఆటో కిరాయిలు 6,400, టీకాలు, నులిపురుగుల మందులు 7,215, సీజర్‌తో పాటు ఇంకో రెండిటి వైద్యం 8,300, వలలు, బెల్టులు, తాళ్ళు 2,000. తేడా 5,275 మేం వేసుకున్నాం. అందులో ఒక తప్పు కలిసి ఉంది. జూన్, జూలైల్లో కొంతమంది డబ్బాలో వేయకుండా షాపు క్యూఆర్ కోడ్‌కే కొట్టి, ఇది కుక్కలకి అక్కా అన్నారు, నేను రాసి పెట్టుకోలేదు, అమ్మకాల్లో కలిసిపోయింది. ఎంతో తేలక 3,000 అని అంచనా కట్టి మా డబ్బు వేశాం. మీరు కొట్టింది అంతకన్నా ఎక్కువైతే ఫోన్‌లో చూపించండి, మిగతాది కూడా వేస్తాను. ఇకపైన షాపు కోడ్‌కి కుక్కల డబ్బులు తీసుకోము. బిల్లుల ఫైలు కౌంటర్ మీదే ఉంటుంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు. సెప్టెంబరులో కూరలకి అయిదేసి రూపాయలు పెంచింది కూరగాయలకి, గ్యాసుకి, పనివాళ్ళ జీతాలకి, కుక్కల అన్నానికి కాదు.

షాపు టైములో ఒక్క మార్పు. ఆదివారాలు పదిన్నరకి కాకుండా పదకొండున్నరకి తెరుస్తాం, పొద్దున్న కుక్కల్ని కట్టేసిన ఇళ్ళకి వెళ్ళొచ్చి స్నానాలు చేసి వంట మొదలుపెట్టడానికి ఆ గంట కావాలి. భోజనానికి తొందర ఉన్నవాళ్ళు శనివారం రాత్రే చెప్పండి, మీ ప్యాకెట్లు ముందు కట్టిస్తాను.

ఈ ఆదివారం పొద్దున్న ఆరున్నరకి షట్టర్ దగ్గర కలుస్తాం. చలి మొదలైంది, డాబాల మీద కట్టేసినవి నాలుగు ఉన్నాయని తెలిసింది, ఒకటి ఈనింది కూడా. గోనె సంచులు, పాత దుప్పట్లు ఉంటే తీసుకురండి. దిండ్లు వద్దు, పోయినసారి చింపి దూది మింగేశాయి.