మైకు ఇచ్చే ముందు

ఒరేయ్ మిత్రమా,

ప్రభువు నామంలో వందనాలు! ఇలా మొదలుపెట్టానని నవ్వకు. సంఘపెద్దవి అయ్యావు కదా, కాస్త మర్యాద ఇద్దామనుకున్నా. ఇక్కడితో మర్యాద అయిపోయింది.

బాధ్యత తీసుకునేవాళ్లు ఒక్కరూ దొరకడం లేదని, తాళాల దగ్గర్నుంచి లెక్కల దాకా అన్నీ నీ నెత్తిమీదే పడ్డాయని రాశావు. చదివి నవ్వొచ్చింది, జాలీ వేసింది. పదేళ్ల కింద నేనూ ఇదే పాట పాడేవాణ్ణి.

అప్పట్లో మా సంఘంలో ఒక కుర్రాడు చేరాడు. నాలుగు నెలలైనా కాలేదు, ఓ ఆదివారం సాక్ష్యం చెబితే అందరి కళ్లూ చెమర్చాయి. మాటుంది, గొంతుంది, ఇంకేం కావాలి? పెద్దలమంతా మురిసిపోయి యవ్వనస్థుల కూటం అతని చేతిలో పెట్టేశాం. ఆర్నెల్లు తిరిగేసరికి వచ్చేవాళ్లు సగమయ్యారు. చెడ్డవాడేం కాదురా. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే తట్టుకోలేకపోయేవాడు, టెన్షన్ పడి అరిచేసేవాడు. ఎలా తట్టుకోవాలో మాలో ఎవరూ పక్కన కూర్చుని చెప్పలేదు. చివరికి అతనే గుడికి రావడం మానేశాడు. కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టొద్దని, త్వరపడి ఎవరిమీదా హస్తనిక్షేపణ, అంటే తలమీద చేతులుంచి బాధ్యత అప్పగించడం, చేయొద్దని పౌలు తిమోతికి రాసిన మాటల మీద నేనే రెండుసార్లు వాక్యం చెప్పాను. చూడు మన తెలివి!

అదే రోజుల్లో వెనక వరసలో ఒక అక్క కూర్చునేది. ఎవరైనా రెండు వారాలు కనబడకపోతే ముందు ఆవిడకే తెలిసేది. ఫోన్ చేసేది, లేదంటే ఇంటికెళ్లి చూసొచ్చేది. ఆ పని చేయమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు మా కళ్లముందే తిరిగినా, మైకు దగ్గరికి ఎప్పుడూ రాలేదు కాబట్టి మాకు ఆనలేదు. ఇప్పుడు పరామర్శల పనంతా ఆవిడదే. తనతో పాటు తిప్పి ఇంకో ఐదుగురిని తయారుచేసింది కూడా.

అందుకే నా సలహా, ప్రసంగం బాగా చేసేవాడికోసం వెతకడం కొన్నాళ్లు ఆపు. ఆరాధన అయ్యాక అరగంట ఊరికే తలుపు దగ్గర నిలబడు. కొత్తవాళ్లతో ఎవరు మాట్లాడుతున్నారు, ఏడుస్తున్న మనిషి పక్కకి ఎవరు చేరారు, అందరూ వెళ్లాక కుర్చీలు ఎవరు సర్దుతున్నారు, అది చూడు.

సణిగేవాళ్లని కూడా గమనించు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గొడవ నీకు గుర్తుంది కదా, రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడేవాళ్ల విధవరాండ్రను పట్టించుకోవడం లేదని. అపొస్తలులు తమ మనుషుల్ని దింపలేదు, మీలోనుంచి ఏడుగురిని మీరే చూసుకోండి అన్నారు. స్తెఫను నుంచి నీకొలాసు దాకా అందరివీ గ్రీకు పేర్లే! ఎవరి తరఫున ఫిర్యాదు వచ్చిందో వాళ్లలోంచే తీసుకున్నారని నాకనిపిస్తుంది. మనమైతే ఫిర్యాదు చేసినవాడి మొహం కూడా చూడం. ఒట్టి సణుగుడైతే వదిలేయ్ గానీ, "ఇలా చేస్తే బాగుంటుంది, నేనొచ్చి చేస్తా" అనేవాడు దొరికితే మాత్రం పట్టుకో.

చిన్న పనే మనిషిని ఎంత తయారుచేస్తుందో చెప్పనా? 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో, జాన్ వెస్లీ అనే బోధకుడి వెంట నడిచిన మెథడిస్టులకి మందిరం కట్టిన అప్పు మీదపడింది. పన్నెండుమందికి ఒకరు చొప్పున మనిషిని పెట్టి, వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేద్దామనుకున్నారు. చందాకోసం ఇంటింటికీ తిరిగినవాళ్లకి ఆ ఇళ్లలో ఎవరెలా బతుకుతున్నారో కూడా కనబడింది. అది విన్న జాన్ వెస్లీ, ఆ పన్నెండుమంది ఆత్మీయ బాగోగులు కూడా మీరే చూసుకోండి అని వాళ్లకే అప్పగించాడు. అలా చందా వసూలుకి పెట్టిన మామూలు మనుషులే క్లాస్ లీడర్లు, అంటే ఆ చిన్న గుంపుల పెద్దలు, అయ్యారు. మన కానుకల లెక్క రాసే అబ్బాయిని ఇంకోసారి సరిగ్గా చూడు.

ఇక నీ సంగతి. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామ యిత్రో వచ్చి, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందకి, యాభైకి, పదిమందికి అంటూ మనుషుల్ని పెట్టుకోమన్నాడు. నీకు ప్రస్తుతానికి పదిమందిని చూసుకునేవాళ్లు నలుగురు చాలు. కాకపోతే పని ఇచ్చి, మళ్లీ వెనకే నిలబడి సరిదిద్దే బుద్ధి నీది. పక్కవాడి ప్రార్థన సాగుతుంటే ముందే "ఆమెన్" అనేసే రకానివి! మొదట నీతో తిప్పుకో, తర్వాత వాడు చేస్తుంటే చూడు, ఆపైన ఆ గదిలోంచి బయటికెళ్లు. తప్పులు చేస్తాడు, చేయనీ.

సువార్త ప్రయాణం మధ్యలో వదిలేసిపోయిన మార్కుని మళ్లీ వెంటబెట్టుకోవడం పౌలుకి ఇష్టంలేకపోతే, పౌలు జతపనివాడు బర్నబా అతన్ని తీసుకుని కుప్ర ద్వీపానికి ఓడెక్కాడు. తర్వాత ఎప్పటికో ఆ పౌలే, మార్కుని తీసుకురా, నాకు పనికొస్తాడు అని రాశాడు. ఇది చదివినప్పుడల్లా మా కుర్రాడే గుర్తొస్తాడు.

నీ ఉత్తరం అందిన రాత్రే అతనికి ఫోన్ చేశాను. కూటం సంగతి ఎత్తలేదు. శనివారం కుర్చీలు వేయడానికి నాతో వస్తావా అని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "చూస్తా అన్నా" అన్నాడు.

వస్తే నీకు రాస్తాను.

నీ పాత మిత్రుడు